నోటి క్యాన్సర్‌కు ఆపరేషన్ ముందు ఇమ్యునోథెరపీ: కొత్త పరిశోధనలు ఎవరికి పనికొస్తాయి, జన్యు పరీక్ష ఎవరికి తప్పనిసరి

మీరు అడిగినవి రెండు ప్రశ్నలు. మొదటిది నాన్నగారి గురించి. వయసు 56, చాలా ఏళ్ల గుట్కా అలవాటు, ఎడమ బుగ్గ లోపల పుండు, బయాప్సీలో స్క్వామస్ సెల్ కార్సినోమా, స్టేజి 4ఎ. మూడు వారాల్లో ఆపరేషన్ తేదీ ఉంది. ఈలోగా "ఇప్పుడు ఆపరేషన్‌కు ముందే ఇమ్యునోథెరపీ ఇస్తున్నారు" అని ఎవరో చెబితే, తేదీ వాయిదా వేయించి అది చేయిద్దామా అంటున్నారు. రెండోది మీ బాబాయిగారి అమ్మాయి గురించి. 23 ఏళ్లకే నాలుక అంచున క్యాన్సర్, పొగాకు ముట్టింది లేదు, తల్లిదండ్రులది మేనరికం. ఏదో జన్యు పరీక్ష రాశారు, అది నిజంగా అవసరమా లేక బిల్లు పెంచడానికా అని మీ అనుమానం.

ముందు జవాబు చెప్పేస్తాను, కారణాలు తర్వాత. నాన్నగారి ఆపరేషన్ తేదీని బయట విన్న మందు కోసం వెనక్కి జరపకండి. ఆపరేషన్ చేసే బృందమే, మొత్తం కోర్సు ముందుగా లెక్కవేసి, ఆ మందుతో మొదలుపెడదామంటే అది వేరే విషయం. చెల్లెలి పరీక్ష మాత్రం కీమో, రేడియేషన్ మొదలయ్యేలోపు తప్పకుండా చేయించాలి.

స్టేజి 4ఎ అనగానే ఇంట్లో అందరూ బెంబేలెత్తిపోయి ఉంటారు. నోటి క్యాన్సర్‌లో 4ఎ అంటే ఊపిరితిత్తులకో లివర్‌కో పాకిందని కాదు. గడ్డ దవడ ఎముకలోకో చర్మంలోకో దిగి ఉండొచ్చు, లేదా మెడ గ్రంథుల్లోకి చేరి ఉండొచ్చు. ఆపరేషన్ చేసి, తర్వాత రేడియేషన్ ఇచ్చి, పూర్తిగా నయం చేయాలన్న ఉద్దేశంతోనే దీనికి వైద్యం చేస్తారు. దూర అవయవాలకు పాకితే అది 4సి. ఈ తేడా తెలియక "నాలుగో స్టేజి కదా, ఇక ఆపరేషన్ ఎందుకు" అని నాటు వైద్యానికి వెళ్లి రెండు మూడు నెలలు పోగొట్టుకునే కుటుంబాలు మన దగ్గర చాలా ఉన్నాయి. తిరిగొచ్చేసరికి ఆపరేషన్‌కు వీలుండదు.

మీరు విన్న పరిశోధన పేరు కీనోట్-689. ఆపరేషన్‌కు వీలున్న, ముదిరిన తల-మెడ క్యాన్సర్ రోగులు 714 మందిపై చేశారు. వాళ్లలో సగానికి పైగా నోటి క్యాన్సర్ వాళ్లే. ఫలితాలు 2025లో వచ్చాయి, అదే ఏడాది జూన్‌లో అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ అనుమతి ఇచ్చింది. పద్ధతి ఇది: పెంబ్రోలిజుమాబ్ (ఒంట్లోని రోగనిరోధక కణాలను క్యాన్సర్ మీదికి లేపే ఇమ్యునోథెరపీ మందు) 200 మి.గ్రా. చొప్పున మూడు వారాల తేడాతో రెండు డోసులు, తర్వాత ఆపరేషన్, ఆ తర్వాత రేడియేషన్ (రిస్క్ ఎక్కువ ఉన్నవాళ్లకు సిస్‌ప్లాటిన్ అనే కీమో మందు కూడా), దానితో కలిపి పెంబ్రోలిజుమాబ్ మూడు డోసులు, రేడియేషన్ అయ్యాక మరో 12. మొత్తం 17 డోసులు. ఒక్కో డోసుకు 100 మి.గ్రా. వయల్స్ రెండు, అంటే 34 వయల్స్. కుటుంబాలకు చాలాచోట్ల మొదటి రెండు డోసుల ఖర్చే చెబుతారు. ఆపరేషన్ తర్వాత ఇంకో 15 ఉంటాయన్నది ఇంట్లో లెక్క వేసుకోవాల్సిన అసలు విషయం. రెండు డోసులు వేసుకుని ఆపేస్తే ఎంత లాభం ఉంటుందో ఈ పరిశోధన చెప్పదు, ఎందుకంటే వాళ్లు పరీక్షించింది 17 డోసుల పద్ధతిని.

ఫలితం నిజంగా ముఖ్యమైనదే. జబ్బు ముదరకుండా, తిరగబెట్టకుండా గడిచిన కాలం మందు తీసుకున్నవాళ్లలో మధ్యస్థంగా 51.8 నెలలు, తీసుకోనివాళ్లలో 30.4 నెలలు. మూడేళ్ల దగ్గర చూస్తే 57.6 శాతం, 46.4 శాతం. అంటే వంద మందికి ఇస్తే అదనంగా పదకొండు మంది దాకా మూడేళ్లపాటు జబ్బు లేకుండా ఉన్నారు. అయితే అనుమతికి ఆధారమైన మొదటి ఫలితాల్లో మొత్తం ఆయుర్దాయంలో తేడా గణాంకాల ప్రకారం ఇంకా రుజువు కాలేదు. ఇంకో మాట: ఆ రెండు డోసులకే గడ్డ దాదాపు మొత్తం చచ్చిపోయింది పదిమందిలో ఒకరికి కూడా పూర్తిగా కాదు, 9.4 శాతం మందికే. కాబట్టి "ఇంజెక్షన్‌తో కరిగిపోతుంది, కోత తప్పుతుంది" అని ఎవరు చెప్పినా నమ్మకండి. ఆ పరిశోధనలో ఆపరేషన్ చేయకుండా వదిలేయాలన్న ఆలోచనే లేదు. ముందు గడ్డ ఎంతవరకు ఉందో అంతా కోసి తీశారు, చిన్నబడిందని కోత తగ్గించలేదు.

ఎఫ్‌డీఏ అనుమతి పీడీ-ఎల్1 (కణాల మీద ఉండే ఒక ప్రోటీన్) సీపీఎస్ స్కోరు 1, ఆపైన ఉన్నవాళ్లకే. సీపీఎస్ అంటే, పీడీ-ఎల్1 రంగు పట్టిన క్యాన్సర్ కణాలు, లింఫోసైట్లు, మాక్రోఫేజులు అన్నీ కలిపి లెక్కపెట్టి, బతికున్న క్యాన్సర్ కణాల సంఖ్యతో భాగించి, వందతో గుణించడం. ఈ పరీక్ష ఎక్కడ చెడిపోతుందో చెబుతాను. స్లైడ్‌లో కనీసం 100 బతికున్న క్యాన్సర్ కణాలు ఉండాలి. పుండు పైన కుళ్లిన భాగం నుంచి గిల్లిన చిన్న ముక్కలో అవి ఉండవు, అంచు నుంచి తీయాలి. ముక్కను వెంటనే పది శాతం బఫర్డ్ ఫార్మలిన్‌లో వేయాలి. సెలైన్‌లో వేసి ఊరి నుంచి ఊరికి పంపితే ఆ ముక్క ఈ పరీక్షకు పనికిరాకుండా పోవచ్చు. మొదటి ఆసుపత్రి నుంచి స్లైడ్లు తెచ్చుకుంటే చాలదు, పారఫిన్ బ్లాకు (బయాప్సీ ముక్కను మైనంలో పెట్టి దాచిన దిమ్మ) అడిగి రసీదు మీద తీసుకోండి. ఎప్పుడో కోసిపెట్టిన స్లైడ్ల మీద రంగు సరిగా పట్టదు, బ్లాకు నుంచి కొత్తగా కోయాలి. రిపోర్టులో "పాజిటివ్" అని మాత్రమే ఉంటే సరిపోదు. అంకె ఎంత, ఏ యాంటీబాడీతో చేశారు (ఈ మందుకు 22సీ3) అన్నవి రాసి ఉండాలి. సీపీఎస్ ఉండాల్సిన చోట టీపీఎస్ రాసిన రిపోర్టులు వస్తుంటాయి. టీపీఎస్‌లో క్యాన్సర్ కణాలనే లెక్కపెడతారు, ఆ అంకెను దీని బదులు వాడకూడదు.

ఇక మీ నాన్నగారి విషయంలో నా భయం ఎక్కడంటే, మొదటి డోసు నుంచి ఆపరేషన్ బల్ల దాకా సుమారు ఆరు వారాలు. బుగ్గ క్యాన్సర్‌కు ఆ ఆరు వారాలు చిన్న కాలం కాదు. పరిశోధనలో రెండు వైపులా ఇంచుమించు 88 శాతం మందికి ఆపరేషన్ జరిగింది, అంటే మందు వల్ల ఆపరేషన్లు తప్పిపోలేదు. కానీ అక్కడ రోగులను ఏరి తీసుకున్నారు, దగ్గరగా గమనించారు. మన దగ్గర రెండో డోసు డబ్బు కుదరక రెండు వారాలు ఆలస్యం, థియేటర్ దొరక్క ఇంకో రెండు వారాలు అయితే, పై దవడ వెనక కండరాల్లోకి గడ్డ ఎక్కి 4ఎ కాస్తా 4బి అవుతుంది. నోరు రెండు వేళ్లు తెరుచుకునేది ఒక వేలికి వస్తే అది మొదటి హెచ్చరిక. మీ నాన్నగారికి గుట్కా వల్ల నోరు ముందే బిగుసుకుపోయి ఉంటే ఈ మార్పు కనిపెట్టడం ఇంకా కష్టం. అందుకే ఏ మందు మొదలుపెట్టినా, ఆ రోజే పై పన్నుకు కింది పన్నుకు మధ్య దూరం మిల్లీమీటర్లలో కొలిచి రాయించండి, పుండు ఫొటో తీయించండి, అంచులను టాటూ ఇంకుతో గుర్తు పెట్టమని సర్జన్‌ను అడగండి. మందుకు గడ్డ తగ్గితే పాత హద్దు ఎక్కడో తర్వాత ఎవరికీ తెలియదు. పైకి మామూలుగా కనిపించే చోట కణాలు మిగిలిపోతాయి.

స్కాన్ గురించి కూడా ఇక్కడే చెప్పాలి. బుగ్గ క్యాన్సర్‌కు సీటీ తీసేటప్పుడు రోగి నోరు మూసుకుని, బుగ్గలు గాలితో ఉబ్బించి పెట్టుకోవాలి. అప్పుడే బుగ్గ లోపలి పొర, చిగురు వేరువేరుగా కనిపిస్తాయి. ఉబ్బించకపోతే రెండూ అతుక్కుని, గడ్డ బుగ్గదా చిగురుదా, ఎముకను తాకిందా లేదా అన్నది తేలదు. రద్దీలో టెక్నీషియన్ ఈ మాట చెప్పడం మర్చిపోవడం మామూలే. వెళ్లేముందు ఇంట్లో నాన్నగారి చేత సాధన చేయించండి, పదిహేను ఇరవై సెకన్లు పట్టగలిగితే చాలు.

ఇమ్యునోథెరపీ తేదీ దాటిపోతే అవకాశమే పోయిందనుకోకండి. ఆపరేషన్ అయ్యాక కూడా దారి ఉందని ఫ్రాన్స్ వాళ్ల నివోపోస్టాప్ పరిశోధన 2025లో చూపింది. ఆపరేషన్ తర్వాత పాథాలజీ రిపోర్టులో ప్రమాద సూచనలు ఉన్నవాళ్లకు, అంటే గ్రంథి పొర చీల్చుకుని క్యాన్సర్ బయటికి రావడం, కోత అంచున కణాలు మిగలడం, నాలుగు లేదా అంతకన్నా ఎక్కువ గ్రంథుల్లో జబ్బు ఉండడం లాంటివి ఉంటే, రేడియేషన్, సిస్‌ప్లాటిన్‌లకు నివోలుమాబ్ అనే ఇమ్యునోథెరపీ మందు జోడించారు. మూడేళ్లకు జబ్బు లేకుండా ఉన్నవాళ్లు 63.1 శాతం, జోడించనివాళ్లలో 52.5 శాతం. నా అభిప్రాయంలో మీలాంటి కుటుంబానికి ఈ వరుసే నయం. ముందు ఆపరేషన్ అనుకున్న తేదీకి జరుగుతుంది, పాథాలజీ రిపోర్టు చేతికొస్తుంది, మందు నిజంగా ఎవరికి కావాలో తెలిశాకే డబ్బు ఖర్చవుతుంది. ప్రమాద సూచనలు లేకపోతే ఆ మందు మాటే ఉండదు.

ఆపరేషన్ లేకుండా, రేడియేషన్‌తో పాటే ఇమ్యునోథెరపీ కలిపి ఇవ్వడం మాత్రం పనిచేయలేదు. జావెలిన్ హెడ్ అండ్ నెక్ 100లో అవెలుమాబ్, కీనోట్-412లో పెంబ్రోలిజుమాబ్, రెండూ అనుకున్న ఫలితం చూపలేదు. మెడలోని లింఫ్ గ్రంథుల మీద రేడియేషన్ పడితే, ఈ మందు ఏ రోగనిరోధక కణాలను లేపాలో అవే దెబ్బతింటాయన్నది ఒక వివరణ. ఆపరేషన్ ముందు ఇస్తే గడ్డ, గ్రంథులు రెండూ ఇంకా అక్కడే ఉంటాయి కాబట్టి కణాలకు శత్రువును గుర్తుపట్టే వీలు దొరుకుతుందని అనుకుంటున్నారు. "అదే మందు కదా, ఎప్పుడిస్తే ఏం" అనడానికి లేదు. గ్జెవినాపాంట్ అనే నోటి ద్వారా ఇచ్చే మందు రెండో దశ పరిశోధనలో ఎంతో ఆశ పుట్టించింది, మూడో దశలో లాభం లేదని 2024లో మధ్యలోనే ఆపేశారు. రెండో దశ వార్త చూసి పరుగెత్తకూడదనడానికి ఇంతకన్నా ఉదాహరణ అక్కర్లేదు.

ఇప్పుడు అందరికీ అందుబాటులో ఉన్నా చాలామంది సరిగా పొందని వైద్యం గురించి. ఆపరేషన్ తర్వాత రేడియేషన్ ఆరు వారాల్లోపు మొదలుకావాలి. దానికోసం పళ్లు ముందే చూపించుకోవాలి. పుచ్చిన పళ్లు రేడియేషన్‌కు పది పధ్నాలుగు రోజుల ముందే తీసేయాలి, వీలైతే ఆపరేషన్ మత్తులోనే తీసేయమనండి. రేడియేషన్ అయ్యాక దవడలో పన్ను పీకితే ఎముక కుళ్లి మానకుండా ఉండిపోయే ప్రమాదం ఏళ్ల తరబడి ఉంటుంది. కోర్సు వారానికి ఐదు రోజులు, 30 నుంచి 33 సిట్టింగులు, 60 నుంచి 66 గ్రే (రేడియేషన్ మోతాదు కొలత). మధ్యలో పండగనో నొప్పనో మానేసిన ఒక్కో రోజుకు గడ్డ అదుపులో ఉండే అవకాశం సుమారు ఒక శాతం తగ్గుతుంది. వారం రోజులు మానేస్తే, లక్షలు పోసి కొన్న కొత్త మందు ఇచ్చే లాభంలో సగం దాకా అక్కడే పోయినట్టు.

సిస్‌ప్లాటిన్ మోతాదు కూడా అడిగి తెలుసుకోండి. ముంబైలోని టాటా మెమోరియల్ క్యాన్సర్ ఆసుపత్రి పరిశోధన 2018లో వారానికి 30 మి.గ్రా., మూడు వారాలకోసారి 100 మి.గ్రా. (రెండూ చదరపు మీటరుకు) పోల్చి చూస్తే, రెండేళ్లకు గడ్డ అదుపులో ఉన్నవాళ్లు 58.5 శాతం, 73.1 శాతం. తక్కువ మోతాదు స్పష్టంగా వెనకబడింది. తర్వాత జపాన్ వాళ్లు ఆపరేషన్ అయినవాళ్లలో వారానికి 40 మి.గ్రా. ఇచ్చి, అది 100కు తీసిపోదని 2022లో చూపారు. కాబట్టి వారం వారం ఇస్తుంటే అది 40 అయి ఉండాలి, మొత్తం కలిపి చదరపు మీటరుకు 200 మి.గ్రా. చేరాలి. ఒంటి వైశాల్యం 1.5 చదరపు మీటర్లు ఉన్న మనిషికి వారానికి 60 మి.గ్రా., కనీసం ఐదు వారాలు. ఈ లెక్క చెడేది ఎక్కువగా కిడ్నీ దగ్గర. నోటి నొప్పికి మెడికల్ షాపులో డైక్లోఫెనాక్ కొని మింగుతారు, నోరు మండి నీళ్లు తాగడం తగ్గిస్తారు, రక్తంలో క్రియాటినిన్ (కిడ్నీ పనితీరు చెప్పే అంకె) పెరుగుతుంది, మూడో వారానికే కీమో ఆగిపోతుంది. నొప్పికి పారాసెటమాల్, ట్రమడాల్, అవసరమైతే మార్ఫిన్ రాయించుకోండి, డైక్లోఫెనాక్, ఐబుప్రోఫెన్ ఇంట్లోనే ఉంచకండి. జ్వరం వచ్చి వేరే డాక్టరు దగ్గరికి వెళ్తే సిస్‌ప్లాటిన్ నడుస్తోందని చెప్పండి, జెంటామైసిన్, అమికాసిన్ లాంటి ఇంజెక్షన్లు కిడ్నీని, చెవిని రెండింటినీ తింటాయి.

కిడ్నీ బాగాలేక, చెవుడు ఉండి సిస్‌ప్లాటిన్ కుదరనివాళ్లకు డోసెటాక్సెల్ వారానికి చదరపు మీటరుకు 15 మి.గ్రా. ఉంది. ఇదీ టాటా మెమోరియల్ నుంచి వచ్చిందే. రేడియేషన్ ఒక్కటే ఇస్తే రెండేళ్లకు బతికున్నది 41.7 శాతం, డోసెటాక్సెల్ కలిపితే 50.8 శాతం. చవకైన పాత మందు. దీని గురించి ఎవరూ వాట్సాప్‌లో పంపుకోరు, అదే బాధ.

తిండి విషయం చిన్నదిగా తీసిపారేయకండి. తిండి కోసం ట్యూబు వేశాక ఇళ్లలో ఒట్టి రాగిజావ, కొబ్బరినీళ్లు పోస్తుంటారు. అరవై కిలోల మనిషికి రోజుకు సుమారు 1800 క్యాలరీలు, 72 నుంచి 90 గ్రాముల ప్రోటీన్ కావాలి. గ్లాసు పాలలో ఆరేడు గ్రాములు, గుడ్డులో ఆరు గ్రాములు మాత్రమే ఉంటుంది. జావను నీళ్లతో కాకుండా పాలతో కాచి, పాలపొడి, వేయించిన వేరుశనగ పొడి కలిపి, పల్చటి బట్టలో వడగట్టి, రెండు మూడు గంటలకోసారి 200 మి.లీ. చొప్పున పోయండి. ప్రతిసారీ ముందూ వెనకా 30 మి.లీ. నీళ్లతో ట్యూబు కడగాలి, పోశాక అరగంట పైనే కూర్చోబెట్టాలి. బిళ్లల పొడి జావలో కలిపితే ట్యూబు పూడుకుపోతుంది, నీళ్లలో కరిగించి విడిగా పోయండి.

"తక్కువ డోసు ఇమ్యునోథెరపీ సరిపోతుందట" అన్న మాట కూడా మీ చెవిన పడే ఉంటుంది. అది నిజమైన పరిశోధనే, కాకపోతే వేరే రోగులకు. తిరగబెట్టి ఆపరేషన్‌కు వీలులేనివాళ్లకు, నోటి ద్వారా తీసుకునే మెథోట్రెక్సేట్, సెలికాక్సిబ్, ఎర్లోటినిబ్‌లకు తోడు నివోలుమాబ్ 20 మి.గ్రా. మాత్రమే మూడు వారాలకోసారి ఇచ్చి టాటా మెమోరియల్ వాళ్లు 151 మందిపై చూశారు. ఏడాదికి బతికున్నవాళ్లు 16.3 శాతం నుంచి 43.4 శాతానికి పెరిగారు. మామూలు డోసు 240 మి.గ్రా.తో పోలిస్తే ఇది పన్నెండో వంతు. 40 మి.గ్రా. వయల్‌ను ఒకే రోజు ఇద్దరు రోగులకు పంచుకునేలా ఆసుపత్రి ఏర్పాటు చేస్తేనే ఆ చవక మీదాకా వస్తుంది, లేకపోతే సగం వయల్ పారబోసి మొత్తం ధర కట్టాల్సి వస్తుంది. కానీ ఈ 20 మి.గ్రా. లెక్కను తీసుకెళ్లి ఆపరేషన్‌కు ముందు ఇచ్చే డోసు స్థానంలో పెట్టకండి. అక్కడ నయం చేసే అవకాశాన్నే పణంగా పెడుతున్నాం. అలాంటిది చేయాలంటే రిజిస్టరైన పరిశోధనలో భాగంగానే చేయాలి.

ఇమ్యునోథెరపీ ఏ డోసులో ఇచ్చినా, మొదలుపెట్టే ముందు టీఎస్‌హెచ్ (థైరాయిడ్ పరీక్ష), షుగర్, లివర్ పరీక్షలు, హెపటైటిస్ బి, ఛాతీ ఎక్స్‌రే ఉండాలి. ఎక్కువగా కనిపించేది థైరాయిడ్ తగ్గడం, అది బిళ్లతో సరిపోతుంది. రోజుకు నాలుగైదు విరేచనాలు ఎక్కువైనా, కొత్తగా ఆయాసం వచ్చినా, ఒక్కసారిగా దాహం, అతిమూత్రం మొదలైనా ఊరి డాక్టరు దగ్గర ఆగకుండా అదే రోజు బృందానికి ఫోన్ చేయాలి. ఇన్ఫెక్షన్ అనుకుని యాంటీబయాటిక్ వాడుతూ వారం గడిపితే ప్రాణం మీదికి వస్తుంది. మోకాళ్ల నొప్పికని నాటు పొడులు వాడుతుంటే ముందే చెప్పండి. వాటిలో చాలావాటిలో స్టెరాయిడ్ ఉంటుంది, అది ఈ మందు పనిని అడ్డుకోవచ్చు.

ఇక మీ చెల్లెలి సంగతి. డాక్టరు రాసింది క్రోమోజోమ్ బ్రేకేజ్ పరీక్ష అయి ఉంటుంది, ఫాంకోని అనీమియా ఉందేమో తెలుసుకోవడానికి. ఇది అరుదైన పుట్టు జబ్బు. డీఎన్ఏ రెండు పోగులు ఒకదానికొకటి ముడిపడినప్పుడు ఆ ముడి విప్పే యంత్రాంగం వీళ్లలో పనిచేయదు. చాలామందిలో చిన్నతనంలోనే రక్తకణాలు పడిపోతాయి. కొందరిలో మాత్రం రక్తం బాగానే ఉండి, ఇరవైల్లో ముప్పైల్లో నాలుక క్యాన్సర్‌తోనే మొదటిసారి బయటపడుతుంది. మామూలు వాళ్లకన్నా వీళ్లలో తల-మెడ క్యాన్సర్ ప్రమాదం కొన్ని వందల రెట్లు ఎక్కువ. ఇందులో చాలా రకాలు తల్లి నుంచి ఒకటి, తండ్రి నుంచి ఒకటి లోపమున్న జన్యువు వస్తేనే కలుగుతాయి. మేనరికాల్లో ఆ రెండూ కలిసే అవకాశం ఎక్కువ. అందుకే ఆ డాక్టరు కుటుంబ వివరాలు అడిగి మరీ ఈ పరీక్ష రాశారు, మంచి డాక్టరు.

చిన్న వయసులో నాలుక క్యాన్సర్ వచ్చిన అందరికీ ఫాంకోని ఉండదు, ఎక్కువమందికి ఉండదు. అయినా చేయించమనడానికి కారణం సిస్‌ప్లాటిన్. ఆ మందు క్యాన్సర్ కణాలను చంపేదే డీఎన్ఏలో ముడులు వేసి. ఆ ముడి విప్పుకోలేని మనిషికి మామూలు మోతాదు ఇస్తే రక్తకణాలు తయారుచేసే ఎముక మజ్జ మొత్తం కుప్పకూలుతుంది, ప్రాణం పోయిన సందర్భాలున్నాయి. పరీక్షలో చేసేదీ అదే: రక్తకణాలకు ట్యూబులో మైటోమైసిన్-సి కలిపి, క్రోమోజోములు ఎన్ని విరుగుతాయో చూస్తారు. మనిషికి జరగబోయే ప్రమాదాన్ని ట్యూబులో ముందే చూసుకోవడం అన్నమాట.

ఇది బతికున్న కణాలతో చేసే పరీక్ష. అందుకే రక్తం ఆకుపచ్చ మూత ఉన్న హెపారిన్ ట్యూబులో తీయాలి, ఊదారంగు మూత ట్యూబులో తీస్తే పనికిరాదు. తీసిన ఒకటి రెండు రోజుల్లో ల్యాబుకు చేరాలి, ఐస్ మీద గడ్డకట్టించకూడదు. శుక్రవారం సాయంత్రం తీస్తే కొరియర్ ఆదివారం దాటుతుంది, సోమవారం తీయించండి. రక్తంలో ఫలితం మామూలుగా వచ్చినా అనుమానం గట్టిగా ఉంటే, చర్మం ముక్కతో మళ్లీ చేయాలి. ఎందుకంటే కొందరి రక్తకణాలు కాలక్రమంలో తమంతట తామే బాగుపడి అసలు లోపాన్ని కప్పేస్తాయి. ఈలోగా ఇంట్లోనే చూడగలిగినవి: పొట్టిగా ఉందా, బొటనవేళ్లు చిన్నగానో వంకరగానో ఉన్నాయా, ఒంటిమీద పాలు కలిపిన కాఫీ రంగు మచ్చలున్నాయా, పాత రక్తపరీక్షల్లో ప్లేట్‌లెట్లు తక్కువ, ఎంసీవీ (ఎర్రకణాల సగటు పరిమాణం) ఎక్కువ అని ఎప్పుడైనా వచ్చిందా. ఇవన్నీ రాసి తీసుకెళ్లండి. ఏదీ లేకపోయినా పరీక్ష మానకండి.

ఫలితం పాజిటివ్ వస్తే వైద్యం దారే మారుతుంది. ఆపరేషనే ప్రధాన ఆయుధం. తగినంత అంచు వదిలి కోయడం, మెడ గ్రంథులు తీయడం అన్నీ మొదటిసారే సరిగా జరగాలి. రేడియేషన్ నిజంగా అవసరమైతేనే, రక్తకణాలు వెంట వెంట చూసుకుంటూ ఇస్తారు, పుండ్లు మామూలు కన్నా త్వరగా, ఎక్కువగా వస్తాయి. సిస్‌ప్లాటిన్ ఇవ్వరు. తోబుట్టువులు ఒక్కొక్కరికీ ఇదే జబ్బు ఉండే అవకాశం నాలుగింట ఒక వంతు కాబట్టి, ఒంట్లో ఏ బాధా లేకపోయినా వాళ్లకూ పరీక్ష చేయాలి. హైదరాబాద్‌లో సీడీఎఫ్‌డీ, నిమ్స్ కలిసి 2021 జాతీయ అరుదైన వ్యాధుల విధానం కింద సెంటర్ ఆఫ్ ఎక్సలెన్స్‌గా ఉన్నాయి. మజ్జ మార్పిడితో సరిదిద్దగల జబ్బుల జాబితాలో ఫాంకోని ఉంది, జెనెటిక్ కౌన్సెలింగ్ కూడా అక్కడే అడగవచ్చు.

అరుదైన జబ్బుల పరిశోధనలు చదివేటప్పుడు కొలమానం వేరుగా ఉండాలి. గొంతులో హెచ్‌పీవీ అనే వైరస్ వల్ల పదేపదే మొలిచే పాపిల్లోమాలకు (పులిపిరి లాంటి గడ్డలకు) ఒక కొత్త ఇంజెక్షన్‌ను ఎఫ్‌డీఏ 2025 ఆగస్టులో ఒప్పుకుంది. పరిశోధనలో ఉన్నది 35 మందే, పోల్చడానికి వేరే గుంపు లేదు. అయినా ఒప్పుకోవచ్చు, ఎందుకంటే వాళ్లందరికీ అంతకుముందు ఏడాదిలో మూడు లేదా అంతకన్నా ఎక్కువ ఆపరేషన్లు అయ్యాయి. మందు తర్వాత 18 మందికి ఏడాదిపాటు ఒక్కటీ అవసరం పడలేదు. అది దానంతట అది జరిగే విషయం కాదు. నోటి క్యాన్సర్ లాంటి విస్తారమైన జబ్బులో నలభై మందిపై వచ్చిన ఫలితం ఎంత బాగున్నా, మూడో దశ వచ్చేదాకా అది ఆశ మాత్రమే. పెటోసెమ్టమాబ్ అనే మందు పేరు మీరు ఎక్కడైనా చూసి ఉంటే, 2025లో పెంబ్రోలిజుమాబ్‌తో కలిపి ఇచ్చినప్పుడు 63 శాతం మందిలో గడ్డ తగ్గిందన్నది 43 మంది లెక్క. అదీ ఆపరేషన్‌కు వీలులేనివాళ్లలో.

ఇంకొక్క విషయం, ఇది చదివే ఉత్తరాంధ్ర వాళ్ల కోసం. అడ్డపొగ (చుట్ట నిప్పు కొసను నోట్లో పెట్టుకుని) తాగే ఆడవాళ్లకు అంగిలి మీద గడ్డ వస్తే మామూలు స్క్వామస్ క్యాన్సరే అనుకుంటారు. కానీ అంగిలిలో చిన్న లాలాజల గ్రంథులు చాలా ఉంటాయి, వాటి క్యాన్సర్లు పూర్తిగా వేరు. బయాప్సీలో సెక్రీటరీ కార్సినోమా అని వస్తే ఎన్‌టీఆర్‌కే జన్యువు వేరే జన్యువుతో అతుక్కుందా అని, శాలివరీ డక్ట్ కార్సినోమా అయితే హెర్2, ఆండ్రోజెన్ రిసెప్టర్ అనే ప్రోటీన్లు ఉన్నాయా అని చూడాలి, వాటికి గురిచూసి కొట్టే మందులున్నాయి. మెడలో థైరాయిడ్ గడ్డ కొద్ది వారాల్లోనే వేగంగా పెరిగి గొంతు మారితే అనాప్లాస్టిక్ అనే చాలా వేగంగా పెరిగే థైరాయిడ్ క్యాన్సర్ రకం కావచ్చు. అక్కడ బీరాఫ్ వీ600ఈ అనే జన్యు మార్పు పరీక్షను బయాప్సీ రోజే అడగాలి, పాజిటివ్ అయితే డాబ్రాఫెనిబ్, ట్రమెటినిబ్ బిళ్లలు రోజుల్లో మొదలుపెట్టాలి. ఆ జబ్బులో వారం కూడా ఎక్కువే. మామూలు గుట్కా బుగ్గ క్యాన్సర్‌కు మాత్రం వేల రూపాయల పెద్ద జన్యు ప్యానెల్ మొదట్లోనే అవసరం లేదు, దానివల్ల మొదటి వైద్యం మారదు.

మీరు ఇప్పుడు చేయగలిగింది: నాన్నగారి బ్లాకు, సీటీ సీడీ, రక్తపరీక్షలు, పళ్ల డాక్టరు రాసిన కాగితం పట్టుకుని, ఆపరేషన్ తేదీ అలాగే ఉంచుకుని, ఈ వారంలోనే సర్జన్, రేడియేషన్, కీమో డాక్టర్లు ముగ్గురూ కూర్చునే జాయింట్ క్లినిక్‌లో చూపించండి. మీ ఆసుపత్రిలో లేకపోతే హైదరాబాద్ ఎంఎన్‌జే క్యాన్సర్ ఆసుపత్రిలోనో, విశాఖ హోమీ భాభా క్యాన్సర్ ఆసుపత్రిలోనో రెండో అభిప్రాయం తీసుకోవచ్చు. అక్కడ అడగాల్సినవి మూడే: గడ్డను పూర్తిగా తీయగలరా, ఆపరేషన్ తర్వాత ఆరు వారాల్లో రేడియేషన్ మెషిన్ మీద స్లాట్ ఉంటుందా, సిస్‌ప్లాటిన్‌కు కిడ్నీ, చెవి సరిపోతాయా. ఎవరైనా పరిశోధనలో చేరమంటే దాని సీటీఆర్‌ఐ (దేశంలో పరిశోధనలు నమోదయ్యే రిజిస్ట్రీ) నంబరు, తెలుగులో సమ్మతి పత్రం అడిగి తీసుకోండి, మందు ఉచితమా అన్నది అందులో రాసి ఉందో లేదో చూసుకోండి. చెల్లెలి రక్తం సోమవారం పొద్దున్నే ఇప్పించండి, రిపోర్టు వచ్చేదాకా ఆమె ఆపరేషన్ ఏర్పాట్లు ఆపక్కర్లేదు, కీమో మాత్రం మొదలుపెట్టనివ్వకండి.